గంట ముందు వేసుకోవాల్సిన మాత్ర

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదైన ఒక డాక్టరు మీద నేను ఏడాదికి పైగా అసూయపడ్డాను. కొంచెం ఇబ్బంది, కొంచెం పోటీ అని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ అది అసూయే. ఆమెను ఎవరైనా మెచ్చుకుంటే నాకు కన్ను కుట్టేది. ఆమె సెలవు పెడితే ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

నేను పళ్ల డాక్టరుని. నార్సింగిలో, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరగా, ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో ఉన్న క్లినిక్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. క్లినిక్ మా సార్‌ది. ఆయన హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, అరవై దాటాయి, ఎవరి మీదా గొంతు పెంచడు. నేను చేరినప్పుడు మా కిటికీలోంచి బండరాళ్లు, వాటి వెనక జొన్న చేలు కనిపించేవి. ఇప్పుడు కనిపించేవి అద్దాల మేడలు. వచ్చే పేషెంట్లలో సగానికి సగం మంది మెడలో ఆఫీసు ఐడీ కార్డుతోనే కుర్చీలో పడుకుంటారు. నోరు తెరిచాక కూడా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తియ్యరు.

మాది కడప జిల్లాలో ఒక చిన్న ఊరు. నేను బీడీఎస్ మాత్రమే చదివాను. ఎండీఎస్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండోసారి రాసేటప్పుడు ఏడో నెల. పరీక్ష హాలులో కూర్చోలేక రెండుసార్లు లేచి నిలబడ్డాను. సీటు రాలేదు. ఆ తర్వాత మళ్లీ రాయలేదు. రాయలేదనే సంగతి కూడా మర్చిపోయాననుకున్నాను, ఆ అమ్మాయి వచ్చేదాకా.

ఆమె రూట్ కెనాల్ చికిత్సలోనే ఎండీఎస్ చేసింది. వాళ్లది పశ్చిమ గోదావరి. అమ్మానాన్నలతో కూకట్‌పల్లిలో ఉండేది. రోజూ మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కి తొమ్మిదిన్నరకల్లా క్లినిక్‌లో ఉండేది. నాతోనే కాదు, మా అసిస్టెంటుతోనూ, నీళ్ల క్యాన్ తెచ్చే మనిషితోనూ 'అండి' అనే మాట్లాడేది. మొదటి వారం నాకు ఆ పిల్ల నచ్చింది. ఇంటికి వెళ్లి మా ఆయనతో కూడా చెప్పాను, మంచి పిల్ల వచ్చిందని.

అసలు గొడవ కింది దవడ పళ్లతో మొదలైంది. పళ్ల డాక్టర్లు అందరూ జంకే పన్ను ఒకటుంది. కింది దవడలో వెనక పన్ను, లోపల ఇంకా ప్రాణం ఉండి, వాచి మండిపోతున్న పన్ను. వేలికి దెబ్బ తగిలితే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది. ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. నిజానికి అది శరీరం చేసుకునే మరమ్మతు. వేలికైతే వాయడానికి చోటుంది. పంటి లోపలి గుజ్జుకు ఆ చోటు లేదు, చుట్టూ రాయిలాంటి గోడ. వాపు ఎటూ పోలేక అక్కడి నరాన్నే నొక్కుతుంది. దానికి తోడు, దెబ్బతిన్న కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేసి ఆ నరాన్ని రెచ్చగొట్టి పెడతాయి. మామూలుగా పట్టించుకోని చిన్న తాకిడికి కూడా అది కేక పెట్టేట్టు చేస్తాయి. అలాంటి పంటికి మత్తు సూది వేస్తే పెదవి మొద్దుబారుతుంది, నాలుక మొద్దుబారుతుంది, పన్ను మాత్రం మేలుకొనే ఉంటుంది. డ్రిల్ పెట్టగానే మనిషి కుర్చీలోంచి లేచిపోతాడు.

నా పేషెంట్లు లేచిపోయేవాళ్లు. కొంతమంది ఏడ్చేవాళ్లు. ఇంకో సూది, ఇంకో సూది వేసి, 'అయిపోయింది, ఒక్క నిమిషం' అంటూ నేను చేసుకుపోయేదాన్ని. పదేళ్లుగా అదే పద్ధతి. ఆ పన్ను అంతే, ఎవరు చేసినా అంతే అనుకునేదాన్ని.

ఆమె గదికీ నా గదికీ మధ్య సగం ఎత్తు గోడ, పైన గరుకు అద్దం. అటు నుంచి డ్రిల్ చప్పుడు వినిపించేది, నోట్లో నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం చప్పుడు వినిపించేది, కేక మాత్రం వినిపించేది కాదు. నేను చేస్తున్న పని ఆపి మరీ వినేదాన్ని. ఎప్పుడైనా ఒక మూలుగు వినిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. అది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఒకరోజు మధ్యాహ్నం సార్ నా గదిలోకి వచ్చి, చప్పుడు చేయకుండా రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె గది తలుపు దగ్గర నిలబెట్టి లోపలికి చూపించాడు. కుర్చీలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, నోట్లో రబ్బరు షీటు, పంట్లో వేరు శుభ్రం చేసే సన్నటి సూదులు. గురక పెడుతున్నాడు.

“చూడమ్మా, పండుకున్నడు” అన్నాడు సార్. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. నేను కూడా నవ్వాను. నా గదిలోకి వచ్చి, ట్రేలో ఉన్న అద్దాన్నీ పట్టకార్లనూ కారణం లేకుండా మళ్లీ సర్దాను.

ఆ తర్వాత అన్నీ అలాగే కనిపించసాగాయి. ఫోన్ చేసిన వాళ్లు “ఆ చిన్న మేడమ్ ఉన్నారా?” అని అడుగుతున్నారని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పేది. ఆరేళ్లుగా నా దగ్గరే చూపించుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగి, నా ముందు నుంచే నవ్వుతూ నమస్కారం పెట్టి ఆమె గదిలోకి వెళ్లింది. ఇంటర్నెట్‌లో మా క్లినిక్ గురించి ఎవరేం రాశారో చదవడం నాకు అలవాటైపోయింది. అందులో ఆమె పేరుంటే మూడుసార్లు చదివేదాన్ని. ఇంట్లో ఏ మాట మొదలుపెట్టినా అటు తిరిగి ఇటు తిరిగి ఆమె దగ్గరికే వచ్చేది. మా ఆయన ఒకరోజు భోజనాల దగ్గర అడిగాడు, ఆ పిల్ల నీకేం చేసింది అని. ఏమీ చేయలేదు. అదే నా బాధ.

ఆమెను అడిగి ఉంటే సరిపోయేది. మా ఇద్దరి మధ్య పది అడుగుల దూరం. నీ పేషెంట్లకు నొప్పి ఎందుకు రావడం లేదని అడిగితే ఐదు నిమిషాల్లో అంతా చెప్పేది. నేను అడగలేదు. ఆమె కింద కర్రీ పాయింటుకు వెళ్లిన సమయం చూసి ఆమె పేషెంట్ల ఫైళ్లు తెరిచాను. ఐదో ఆరో చూశాను. అన్నింటిలోనూ ఒకటే మాట: చికిత్సకు గంట ముందు ఐబుప్రొఫెన్ మాత్ర.

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఇంతేనా? అది నాకు తెలియని మందేమీ కాదు. రోజూ రాసే మందే. కాకపోతే నేను పని అయిపోయాక, ఇంటికెళ్లి నొప్పి వస్తే వేసుకోమని రాసేదాన్ని. ముందే వేస్తే, సూది వేసే సమయానికి పంటిలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీ తగ్గుతుంది, నరం కాస్త శాంతిస్తుంది, మత్తు పనిచేసే అవకాశం పెరుగుతుంది. ఈ సంగతి నేను ఎక్కడో చదివాను కూడా. చదివి వదిలేశాను. ఆమె వదిలేయలేదు. ఆ తేడా గురించి ఆలోచించాల్సింది పోయి, ఆమె చేతిలో ఏ విద్యా లేదు, ఉన్నదంతా ఒక మాత్రలో ఉంది అని తేల్చుకుని ఆ సాయంత్రం హాయిగా ఇంటికి వెళ్లాను.

మరుసటి వారం నుంచి నేనూ ఇవ్వడం మొదలుపెట్టాను. ఒకరికి పనిచేసింది. ఇంకొకరికి బాగా పనిచేసింది. మూడో ఆవిడ వెళ్తూ వెళ్తూ, నొప్పే తెలియలేదు మేడమ్ అంది. ఆ మాట గోడ అవతలికి వినిపించాలని నేను కావాలనే గట్టిగా, “ఏమన్నారు?” అని మళ్లీ అడిగాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆమె సెలవు పెట్టింది. బంధువుల ఇంట్లో ఏదో శుభకార్యం అని భీమవరం వెళ్లింది. ఆ ఉదయం పదకొండింటికి ఒకాయన దవడ పట్టుకుని వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఒక ఆఫీసు టవర్లో లిఫ్టులు, ఏసీలు, కరెంటు చూసుకునే మేనేజరు. మెదక్ వైపు మనిషి. భార్య వెంట వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే మా చిన్న డాక్టరు దగ్గర చూపించుకుని, ఎక్స్‌రే తీయించుకుని, శుక్రవారానికి రూట్ కెనాల్ పెట్టించుకున్నాడు. నొప్పి ఒక్కరోజు కూడా ఆగనివ్వడం లేదని ముందే వచ్చేశాడు. రాగానే ఆమె లేదా అని అడిగాడు. లేదంటే, రేపటి దాకా ఎట్లనో ఓర్చుకుంటలే అని భార్య వైపు చూశాడు.

ఆ చూపు నాకు గుచ్చుకుంది. ఇంత నొప్పితో ఉండి కూడా నా చేతిలో పడటం కంటే రేపటి దాకా ఆగడమే మేలనుకుంటున్నాడు. “రేపటి దాకా ఎందుకండీ, నేను చేస్తాను” అన్నాను.

ఫైలు చూశాను. వచ్చినవాళ్లు మొదట నింపే ఫారంలో ఆస్తమా ఎదురుగా లేదని ఉంది. అలర్జీల ఎదురుగా ఏమీ లేదు. ఇతర జబ్బులు అన్నచోట సైనస్ అని రాసుకున్నాడు. కింద ఆమె చేతిరాతలో, నొప్పికి పారాసెటమాల్ అని మాత్రం ఉంది. అందరికీ ఐబుప్రొఫెన్ రాసే మనిషి ఈయనకు ఎందుకు రాయలేదు? ఆ ప్రశ్న నాకు తట్టింది. తట్టింది గానీ, జవాబు కోసం చూడలేదు. ఈయన విషయంలో మర్చిపోయిందనుకున్నాను. ఆమె మర్చిపోయినదాన్ని నేను సరిచేస్తున్నానన్న ఉత్సాహంలో మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన మాత్రను అరచేతిలో పెట్టుకుని చూశాడు. “మొన్న ఆ చిన్న మేడమ్ గోళీల గురించి ఏందో అడిగిన్రు మేడమ్. నేను జెప్పిన. మరి గిది...”

“ఆమె రాసిందంతా ఫైల్లో చూశానండీ. ముందు వేసుకోండి” అన్నాను.

ఆయన వేసుకున్నాడు.

అరగంట కూడా కాకముందే తుమ్ములు మొదలయ్యాయి. ఏసీ పడటం లేదేమో అన్నాడు. ఏసీ తగ్గించాం. ముక్కు కారడం మొదలైంది, కళ్లు ఎర్రబడ్డాయి, మెడ మీద ఎర్రగా మచ్చలు పొడిచాయి. ఆ తర్వాత ఆయన లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి ముందుకు వంగాడు. గాలి లోపలికి పోవడం లేదని చెప్పడానికి చెయ్యి గుండె మీద పెట్టి చూపించాడు. ఛాతీలోంచి పిల్లి కూతలాంటి చప్పుడు నాకు స్టెతస్కోపు లేకుండానే వినిపించింది.

అప్పుడు నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. అర్థమైనా చేతులు కదలడానికి ఒక క్షణం పట్టింది. సార్‌ను కేకేశాను. ఆక్సిజన్ పెట్టాం. అత్యవసర పెట్టెలోంచి సార్ ఇన్హేలర్ తీసి స్పేసర్ గొట్టంతో పీల్పిస్తుంటే నేను నాడి పట్టుకున్నాను. అసిస్టెంటు అంబులెన్సుకు ఫోన్ చేసింది. అది వచ్చేసరికి పిల్లికూత కాస్త తగ్గింది గానీ ఆయన మాట పూర్తిగా చెప్పలేకపోతున్నాడు. నేను కూడా అంబులెన్సులో ఎక్కాను. గచ్చిబౌలి వైపు ఆ కాస్త దూరం నాకు ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. ఆయన భార్య ఏడవలేదు. ఆయన వీపు రాస్తూ, నన్ను చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. అక్కడున్న డ్యూటీ డాక్టరు ఆయన భార్యను అడిగిన మొదటి ప్రశ్న, ముక్కులో కండ పెరిగి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అని. అయింది. రెండుసార్లు. చలికాలం వస్తే ఆయాసం కూడా వస్తుంది, దాన్ని వాళ్లు ఆస్తమా అనుకోలేదు, సైనస్ అనుకున్నారు. ముక్కులో కండ, ఆయాసం, నొప్పి మాత్ర పడకపోవడం, ఈ మూడూ కలిసి ఉండే మనుషులు ఉంటారని మూడో సంవత్సరం చదివే విద్యార్థికి కూడా తెలుసు. నేను ఆ ప్రశ్నకు పరీక్షలో జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. వాపు పుట్టించే ముడిసరుకు ఒంట్లో రెండు దారుల్లో వెళ్తుంది. ఐబుప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల దారిని మూసేస్తాయి. చాలామందికి దానితో నొప్పి తగ్గుతుంది, అంతే. ఇలాంటి మనుషుల్లో మాత్రం సరుకంతా రెండో దారికి మళ్లి, ఊపిరితిత్తుల గొట్టాలను బిగించే లూకోట్రైన్లు విపరీతంగా తయారవుతాయి. స్టెరాయిడ్ ఆ రెండు దారులూ చీలకముందే, పైనే అడ్డుపడుతుంది. పుస్తకంలో ఒక పేజీలో బొమ్మగా ఉన్నదాన్ని నేను ఒక మనిషి ఛాతీలో చూశాను.

సాయంత్రానికి ఆయన తేరుకున్నాడు. మరునాడు ఉదయం ఇంటికి పంపించారు.

ఆ శుక్రవారమే ఆమె ఊరి నుంచి తిరిగి వచ్చింది. సార్ మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. ఎవరూ ఏమీ అనకముందే ఆమే మొదలుపెట్టింది. ఆ పేషెంటు తనకు చెప్పాడని, ఒకసారి ఏదో నొప్పి మాత్ర వేసుకుంటే ఊపిరి ఆడలేదన్నాడని, అందుకే పారాసెటమాల్ మాత్రమే రాశానని చెప్పింది. “అలర్జీ దగ్గర రాయడం మర్చిపోయానండి. బయట ఇంకో పేషెంటు ఉంటే హడావుడిలో వదిలేశాను. తప్పు నాదేనండి” అంది.

సార్ గొంతు పెంచడని చెప్పాను కదా. ఆ రోజు కూడా పెంచలేదు. కానీ, “రాయకుంటే అవతలోళ్లకు ఎట్ల తెలుస్తది? మనిషి పోతుండె” అన్నాడు. ఆమె తల వంచుకుంది.

అప్పుడు నాలో కలిగినదాన్ని నేను మరోలా చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను. అది సంతోషం. ఒక మనిషి ఊపిరాడక వంగిపోయిన మర్నాడు, ఆ మాత్ర నా చేత్తో ఇచ్చిన నేను, ఆ గదిలో నిలబడి సంతోషపడ్డాను. ఆమె కూడా తప్పు చేస్తుంది. సార్‌కు కూడా ఆ సంగతి తెలిసింది. అంతవరకు కడుపులో మండుతున్నది ఏదో చల్లబడింది.

సార్ నా వైపు తిరిగి అడిగాడు. “నీకేమన్న జెప్పిండా అమ్మా, గోళీ వేసుకునేటప్పుడు?”

“లేదు సార్” అన్నాను.

తర్వాతి వారం పదిరోజులు నేను కోరుకున్నట్టే గడిచాయి. ఆమె పేషెంట్లు కొందరిని సార్ నాకు పంపాడు. ఆమె ప్రతి చిన్న విషయం రెండు చోట్ల రాసుకునేది. రాసింది మళ్లీ చదివేది. మధ్యాహ్నం కిందికి దిగడం మానేసి, తెచ్చుకున్న డబ్బా సగం తిని మూత పెట్టేది. ఒకరోజు ఫైలు పట్టుకుని నా గదికి వచ్చి, ఈ పేషెంటుకు గుండె మందు ఉందట, ఈ నొప్పి మాత్ర ఇవ్వొచ్చా అని అడిగింది. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. నేను పెద్దరికంగా జవాబు చెప్పాను. ఆమె వెళ్లాక గోడ అవతల నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు నేను చెవి పెట్టి వినాల్సిన పని లేదు, అయినా వింటూనే ఉన్నాను.

ఆ లిఫ్టుల మేనేజరు మళ్లీ వచ్చాడు. పన్ను అలాగే ఉంది కదా, నొప్పి ఎక్కడికి పోతుంది? భార్య వద్దందట, వేరే దవాఖానకు పోదామందట. ఈయనే మా దగ్గరికే వెళ్దామన్నాడట. ఆ ఉదయం రిసెప్షన్ దగ్గర నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఇద్దరమే ఉన్నప్పుడు క్షమించమని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మీరు పరేషాన్ గాకుండ్రి మేడమ్. నేను జెప్పబోయిన, మీరు పనిల ఉన్నరు. జర గట్టిగ జెప్పాల్సింది నేనే. నాదే తప్పు.”

నేను చేసిన తప్పును మొదట ఆమె తన మీద వేసుకుంది. ఇప్పుడు ఈయన తన మీద వేసుకుంటున్నాడు. ఇద్దరూ ఏ లెక్కా చూసుకోకుండా ‘తప్పు నాదే’ అనేశారు. నాదని అనవలసిన నేను ఒక్కదాన్నే అనలేదు. ఆయన్ని అక్కడే కూర్చోమని చెప్పి సార్ గదిలోకి వెళ్లాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. ఆ పేషెంటు నాకు చెప్పబోయాడు, నేనే ఆపేశాను, మీరు అడిగితే అబద్ధం చెప్పాను అని. ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“నాకు జెప్పినవ్. ఆ పిల్లకు గూడ నువ్వే జెప్పు. నేను జెప్ప” అన్నాడు.

పనిముట్లు కడిగే చిన్న గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లోంచి తీసిన పనిముట్ల పౌచ్‌లు డ్రాయర్లో సర్దుతోంది. అన్నీ చెప్పాను. ఫైళ్లు దొంగతనంగా చూసిన సంగతి కూడా చెప్పాను. ఆమె సర్దడం ఆపలేదు.

“ఎందుకండీ?” అంది చివరికి.

“నీ మీద అసూయ” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె అది అర్థం కానట్టే చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. “ఈ పదిరోజులూ నేను ఈ పనికి పనికిరాననుకున్నానండి. మానేస్తానని మా నాన్నగారితో కూడా చెప్పేశాను.” నేను ఏదో అనబోయాను. ఆమె చేతి తొడుగులు తీసి బుట్టలో వేసి, పేషెంటు ఎదురుచూస్తున్నారండీ అని బయటికి వెళ్లిపోయింది. ఫర్వాలేదని అనలేదు. ఇప్పటికీ అనలేదు.

ఆ పంటికి ఆమే చికిత్స చేసింది. నేను అసిస్టెంటును తప్పుకోమని చెప్పి సక్షన్ పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు, సరేననలేదు. మొదట ఆయన్ని అడగాల్సినవన్నీ మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఏ మాత్ర, ఎన్నేళ్ల కింద, వేసుకున్న ఎంతసేపటికి, అప్పుడు ఏమైంది. ఆయన చెప్తున్నంతసేపూ కలం కదిపిందే తప్ప మధ్యలో మాట్లాడలేదు. గంట ముందు పారాసెటమాల్ ఇచ్చింది. మత్తు సూది వేసింది. ఆ తర్వాత కూర్చుంది. నేను గడియారం చూశాను. ఐదు నిమిషాలు. నేనైతే ఈపాటికి డ్రిల్ పట్టుకునేదాన్ని. పది నిమిషాలు. ఆయన్ని వాళ్ల టవర్లో లిఫ్టులు ఎన్ని, ఏది ఎక్కువగా మొరాయిస్తుంది అని అడుగుతూ కూర్చుంది. పావుగంట దాటాక ఐస్‌లాంటి చల్లటి స్ప్రే దూదికి కొట్టి పంటికి తాకించింది. ఆయన కనుబొమ్మ కదిలింది. పంటి పక్కన చిగుళ్లలోకి ఇంకో సూది వేసి మళ్లీ కూర్చుంది.

డ్రిల్ పెట్టాక కూడా ఒకసారి ఆయన చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి పూర్తిగా పైకి లేవకముందే డ్రిల్ ఆగింది. ఒక్క నిమిషం, అయిపోయింది అనలేదు. ఇంకొంచెం మందు వేసి, మళ్లీ ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

అన్ని నెలలు గోడ ఇవతల చెవి పెట్టి విన్నప్పుడు నాకు నిశ్శబ్దం మాత్రమే వినిపించింది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఎంతసేపు ఊరికే కూర్చుంటుందో నాకు తెలియలేదు. మాత్ర కొంత సాయం చేస్తుంది, నిజమే. మిగతాదంతా అడగడం, ఆగడం. దానికి ఎండీఎస్ సీటు అక్కర్లేదు. ఏడో నెల కడుపుతో పరీక్ష హాలులో కూర్చోనక్కర్లేదు. పదకొండేళ్లలో ఏ రోజైనా నేను చేయగలిగిన పని అది. సక్షన్ పట్టుకుని నిలబడ్డ ఆ గంటలో నాకు ఆమె మీద గౌరవం కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలిగింది కూడా. కానీ అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది. చదువును చూసి అసూయపడినప్పుడు నా రాత ఇంతే అనుకునే వీలుంటుంది. ఓర్పును చూసి అసూయపడినప్పుడు ఆ వీలు కూడా లేదు.

పన్ను బాగైంది. ఆరు నెలల తర్వాత ఎక్స్‌రేలో వేరు చివర ఎముక చక్కగా ఉంది. ఆయన ఇప్పుడు తన ఫోనులో, పర్సులో, రెండు చోట్లా పడని మందుల పేర్లు రాసి పెట్టుకున్నాడు. సార్ మా ఫారం మార్పించాడు. ఆస్తమా ఉందా అని కాకుండా, ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా, నొప్పి మాత్ర వేసుకున్నాక ముక్కు కారిందా, ఊపిరి బిగిసిందా అని తెలుగులో, మామూలు మాటల్లో అడిగేట్టు. ఫారం నింపినా సరే, నోటితో మళ్లీ అడగాలని నేను నియమం పెట్టుకున్నాను. మాత్ర చేతిలో పెట్టాక ఎవరైనా నోరు తెరిస్తే మాత్రం ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. గ్లాసు వెనక్కి తీసుకుని, చెప్పండి అంటాను.

ఆమె ఉద్యోగం మానలేదు. నాతో నెల రోజులు పని మాటలే మాట్లాడింది. తర్వాత కొంచెం కొంచెం మామూలు మాటలు. ఎనిమిది నెలల తర్వాత బాచుపల్లిలో సొంతంగా క్లినిక్ పెట్టుకుంటున్నానని చెప్పింది. క్లినిక్ వాట్సాప్ గ్రూపులో అందరికీ కలిపి ఆహ్వానం పెట్టింది. నాకు విడిగా పెట్టలేదు. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, వెళ్లాను.

రెండు గదుల క్లినిక్. ఉదయం వెలుతురు నేరుగా కుర్చీ మీద పడేట్టు కిటికీ. కొత్త ఎక్స్‌రే యంత్రం, మైక్రోస్కోపు. నేను ప్రతి వస్తువునూ చూశాను. ఎక్కడైనా ఒక లోపం దొరుకుతుందేమోనని చూశాను. గోడ రంగు, తలుపు వెడల్పు, చేతులు కడుక్కునే సింకు ఎత్తు, అన్నీ. ఏదీ దొరకలేదు. ఆమె నన్ను చూసి దగ్గరికి వచ్చి, వచ్చినందుకు థాంక్సండి అంది. అంతలో ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

బయట కుర్చీల వరసలో ఆమె నాన్నగారు కూర్చుని ఉన్నారు. నేనెవరో ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. పక్కన చోటు చూపించి, ఆయనే అడిగారు. “ఎలా ఉందండి, మా అమ్మాయి క్లినిక్?”

“చాలా బాగుందండి” అన్నాను.

అది నిజమే. అనడానికి కాస్త బలం తెచ్చుకోవాల్సి వచ్చింది, అంతే. ఆయన సంతోషంగా తలూపి, అమ్మాయికి మొదటి నుంచీ ఓపిక ఎక్కువండీ అంటూ ఆమె చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. నేను మధ్యలో లేవకుండా, ఆయన చెప్పడం అయ్యేదాకా కూర్చుని విన్నాను.